మూడో ఇల్లు

నీ వయసు విషయంలో నువ్వు కొంచెం బుకాయిస్తావు, హెమ్‌స్టెడ్. ఎర్ర ఇటుక గోడలు, రాతి చట్రాల్లో నిలువునా చీలిన కిటికీలు, కప్పు మీద బారులు తీరిన పొగగొట్టాలు, వాటి సరసన ఒక బురుజు. దూరం నుంచి చూసినవాడు ఇదేదో మొదటి ఎలిజబెత్ రాణి నాటి దివాణం అనుకోవాలని నీ సరదా. అనుకోనీ. నిన్ను కట్టింది 1859కీ 1862కీ మధ్య. డేవిడ్ బ్రాండన్ అనే ఆర్కిటెక్టు మూడు వందల ఏళ్ళ కిందటి ఫ్యాషన్‌ను కొత్త ఇటుకలతో నీకు తొడిగాడు. రాణి నిజంగా అడుగుపెట్టిన ఇల్లు వేరు. 1573 ఆగస్టులో ఆమె మందీమార్బలంతో కెంట్ సీమ చుట్టబెడుతూ ఇక్కడ విడిది చేసింది. ఆ ఇల్లు పోయింది. దాని పేరు, దాని పొలిమేర నీకు దక్కాయి. వయసు తగ్గించి చెప్పుకోవడం మనుషుల సంగతి, పెంచి చెప్పుకోవడం ఇంగ్లండు ఇళ్ళ సంగతి. నీకు ఆ అబద్ధం ఒప్పింది కూడా.

కెంట్‌లో వీల్డ్ అనే బంకమట్టి సీమ నీది. వాన పడితే బూటును పట్టుకుని వదలని నేల. ఒకప్పుడు అంతా అడవే. ఇప్పటికీ నీ వెనక హెమ్‌స్టెడ్ అడవి నిలిచే ఉంది. పొలాల మధ్య అక్కడక్కడా గుండ్రటి ఇటుక బట్టీలు, నెత్తిన తెల్లటి మొనదేలిన టోపీలు. బీరుకు చేదు పట్టించే హాప్స్ పూలను ఒకప్పుడు వాటిలోనే ఆరబెట్టేవారు. నీ ఊరు బెనెండెన్. ఊరి మధ్య పచ్చిక, ఆ పచ్చిక మీద క్రికెట్టు, ఆ చివర చర్చి.

ఆ ఊళ్ళోనే నీకొక పొరుగువాడు ఉండేవాడు, కాలింగ్‌వుడ్ ఇంగ్రమ్. 1919లో వచ్చి కాపురం పెట్టి, నూరేళ్ళు బతికి, 1981లో పోయాడు. చెర్రీ చెట్ల పిచ్చివాడు. జపాన్‌లో కనుమరుగైపోయిన తైహాకు అనే తెల్లపూల చెర్రీని ఒక ఇంగ్లిషు తోటలో గుర్తుపట్టి, దాని కొమ్మలను బంగాళాదుంపల్లో గుచ్చి, సైబీరియా రైలు మీద జపాన్‌కు తిరుగు ప్రయాణం కట్టించాడు. దుంపలోని తడి తాగుతూ ఆ కొమ్మలు ఖండాలు దాటి బతికాయి. ఈ కథ నీది కాదని తెలుసు. అయినా నీ పొరుగున ఇలాంటివాడు ఉన్నాడంటే నీ మీద నాకు గౌరవం పెరుగుతుంది.

నీ యజమానుల పేర్లు వరసగా చదివితే అందరూ మగవాళ్ళే. ముందు గిల్ఫర్డ్‌లు. పద్నాలుగో శతాబ్దం చివరి నుంచి 1718 దాకా ఈ నేల వాళ్ళదే. వాళ్ళలో ఒకడు, సర్ రిచర్డ్, 1506లో జెరూసలేం యాత్రకు పోయి అక్కడే కన్నుమూశాడు. ఆయన కొడుకు హెన్రీ, ఎనిమిదో హెన్రీ రాజు కొలువులో వెలిగాడు. హోల్బైన్ గీసిన చిత్రంలో ఇప్పటికీ బొద్దుగా, బంగారు గొలుసుతో కనిపిస్తాడు. ఆ వంశంలోని మగవాళ్ళ గొడవ ఇంతటితో చాలు. నాకు కావలసింది ఆ వంశపు ఆడపడుచు జేన్ గిల్ఫర్డ్. ఆమె డడ్లీల ఇంటికి కోడలై వెళ్ళింది. పుట్టింటి పేరు పోకూడదని కాబోలు, ఒక కొడుక్కి గిల్ఫర్డ్ అనే పేరే పెట్టుకుంది. ఆ గిల్ఫర్డ్ డడ్లీకి 1553లో పెళ్ళి చేశారు. పెళ్ళికూతురు లేడీ జేన్ గ్రే.

జేన్ గ్రే గురించి ఒక ముచ్చట చెబుతాను, విను. 1550లో రోజర్ ఆస్కం అనే పండితుడు వాళ్ళ ఇంటికి వెళ్ళాడు. ఇంటిల్లిపాదీ వేటకు పోయారు. పదమూడు, పద్నాలుగేళ్ళ పిల్ల ఒక్కతే గదిలో కూర్చుని ప్లేటోను గ్రీకులో చదువుకుంటోంది. వేటకు వెళ్ళలేదేమని అడిగితే, ఈ పుస్తకంలో దొరికే ఆనందం ముందు వాళ్ళ వేట ఒక లెక్కా అన్నట్టు జవాబు చెప్పిందట. మూడేళ్ళు తిరక్కుండా ఆ పిల్ల నెత్తిన పెద్దవాళ్ళు కిరీటం పెట్టారు. అది తొమ్మిది రోజుల ముచ్చటే అయింది. 1554 ఫిబ్రవరిలో మొగుడినీ పెళ్ళాన్నీ ఒకే రోజు గొడ్డలికి అప్పగించారు. పదహారో, పదిహేడో ఆమెకు. ఆ చదువుల పిల్ల అత్తగారి పుట్టింటి పేరు, ఇవాళ ఆడపిల్లల బడిగా మారిన నీ ప్రాంగణంలో పిల్లలు నిద్రపోయే ఒక హాస్టల్‌కు ఉంది. పదహారేళ్ళ పిల్లలు ఆ కప్పు కింద పరీక్షలకు చదువుకుంటారు. చదువుకున్నందుకు వాళ్ళ మెడ మీద ఎవరూ కత్తి పెట్టరు.

గిల్ఫర్డ్‌ల తర్వాత నీ యజమాని అడ్మిరల్ సర్ జాన్ నారిస్, ఆ తర్వాత మరికొందరు. సముద్రం మీద పేరు తెచ్చుకున్నవాడు అడవి మధ్య ఎందుకు ఇల్లు కొనుక్కున్నాడో ఆయనకే తెలియాలి.

1857లో నిన్ను, అంటే ఇంకా పుట్టని నిన్ను, కొన్నవాడు గాథోర్న్ హార్డీ. యార్క్‌షైర్‌లో లో మూర్ అనే ఇనుప కార్ఖానా కుటుంబం వాళ్ళది. ఫిరంగులు పోసిన కార్ఖానా. ఆ ఇనుము డబ్బుతో ఈ ఇటుకల మేడ లేచింది. హార్డీ చిన్నవాడేం కాదు. హోం మంత్రి అయ్యాడు, యుద్ధ మంత్రి అయ్యాడు, 1878లో ఇండియా మంత్రి అయ్యాడు. 1880 దాకా ఆ కుర్చీలో కూర్చున్నాడు.

ఇక్కడ నీకూ మాకూ ఒక లెక్క ఉంది, హెమ్‌స్టెడ్. ఆయన ఆ కుర్చీ ఎక్కేనాటికి బళ్ళారి, కర్నూలు, కడప జిల్లాలు ధాత కరువులో మాడి మసై ఉన్నాయి. ఆకలితో లక్షలాది జనం రాలిపోయాక, కారణాలేమిటో తేల్చమని 1878లో కరువు కమిషన్ వేశారు. మరుసటి ఏడు మార్చిలో గోదావరి మన్యంలో రంప పితూరీ లేచింది. కల్లుగీత మీద చిగురు పన్ను, మన్సబుదారు దోపిడీ, పోలీసుల ఆగడాలు కొండరెడ్లను, కోయలను విల్లు పట్టించాయి. ద్వారబంధాల చంద్రయ్య, కారం తమ్మన్నదొర పేర్లు మద్రాసు దస్త్రాల్లోకి ఎక్కాయి. ఆ దస్త్రాల సారం లండన్‌లో ఇండియా ఆఫీసు దాకా పోయింది. వారాంతాల్లో మంత్రిగారి ఎర్రతోలు పెట్టెలో అది నీ గుమ్మం కూడా దాటిందేమో. నీ ఓక్ చెట్ల మధ్య ఆయన షికారు చేసి వచ్చి, మేజా దగ్గర కూర్చుని రంపచోడవరం కొండల సంగతి చదివాడేమో. నిన్ను నిందించను. ఇటుకకు పాపం అంటదు. కానీ నిన్ను పొగడ్డానికి కూర్చున్నవాడు తెలుగువాడైతే ఈ మాట మింగేసి ముందుకు పోకూడదు.

హార్డీ తర్వాత 1912లో నిన్ను రోథర్‌మియర్ ప్రభువు కొన్నాడు. డైలీ మెయిల్ పత్రికను అన్నతో కలిసి నడిపినవాడు, డబ్బుకు కొదవ లేనివాడు. నిన్ను మళ్ళీ సింగారించాడు. అంతలో యుద్ధం వచ్చిపడింది. ఆయనకు ముగ్గురు కొడుకులు. 1916 నవంబరులో వియర్ యుద్ధభూమిలో పడిపోయాడు. 1918 ఫిబ్రవరిలో వివియన్ గాయాలతో పోయాడు. మిగిలింది ఒక్కడు. బ్రిటన్‌లో అలా దాదాపు ఏడు లక్షల మంది కుర్రాళ్ళు పోయారు. నీలాంటి పెద్ద ఇళ్ళలో పనివాళ్ళు లేరు, వారసులు లేరు, పొయ్యిలు రాజేసే చేతులు లేవు. అలాంటి ఇళ్ళు ఎన్నో ఆ దశాబ్దాల్లో పలుగులకు బలైపోయాయి.

నిన్ను బతికించింది ముగ్గురు పంతులమ్మలు.

మిస్ క్రిస్టీన్ షెల్డన్, మిస్ ఆన్ హిండిల్, మిస్ కాథ్లీన్ బర్డ్. వికమ్ అబీ అనే పేరున్న బాలికల బడిలో పాఠాలు చెప్పుకుంటున్న ముగ్గురు పెళ్ళికాని ఆడవాళ్ళు. ఆ రోజుల్లో అలాంటివాళ్ళను ఇంగ్లిషు పత్రికలు మిగిలిపోయిన ఆడవాళ్ళని రాసేవి, యుద్ధం వరుళ్ళను మింగేసింది కాబట్టి. మిగిలిపోయినవాళ్ళు ఏం చేయగలరో నువ్వు కళ్ళారా చూశావు. ఆక్స్‌ఫర్డ్ ఆడవాళ్ళకు డిగ్రీ పట్టా ఇవ్వడం మొదలుపెట్టి అప్పటికి మూడేళ్ళే. కేంబ్రిడ్జి అయితే 1948 దాకా మొండికేసింది. ఆ వాతావరణంలో 1923 సెప్టెంబరులో బిక్లీ అనే చోట 24 మంది పిల్లలతో ముగ్గురూ బడి తెరిచారు. 1924 జనవరిలో సామాను సర్దుకుని నీ గుమ్మంలోకి వచ్చారు. జనవరి అంటే కెంట్‌లో నాలుగింటికే చీకటి. నీ పెద్ద హాల్లో ఆ సాయంత్రం ఎన్ని దీపాలు వెలిగించారో, ఎవరు ముందు ఏ గది చూసి ఇక్కడ లెక్కలు, అక్కడ లాటిన్ అని పంచుకున్నారో నువ్వే చెప్పాలి. ముగ్గురు యజమానులు ఒక ఒరలో మూడు కత్తులని ఊళ్ళో ఎవరైనా అని ఉంటే వాళ్ళ జోస్యం తప్పింది.

అడ్మిరళ్ళు, మంత్రులు, పత్రికాధిపతులు దస్తావేజులు రాసుకుని వచ్చారు, వరసగా పోయారు. ఒక్క కాగితం మీద సంతకం లేకుండా, ఒక ట్రంకు పెట్టెతో వచ్చి, ఏడేళ్ళుండి వెళ్ళిపోయే ఆడపిల్లలు నూరేళ్ళు దాటినా నిన్ను వదల్లేదు.

ఆ ట్రంకు పెట్టె సంగతి చెప్పాలి. ఇంగ్లండులో బోర్డింగ్ బడికి పిల్లను పంపే ప్రతి తల్లీ వేసవి సెలవుల చివర ఒక పని చేస్తుంది. పిల్ల పేరు నేసిన సన్నటి గుడ్డపట్టీలు తెప్పించి ప్రతి బట్టకూ కుడుతుంది. కోటుకు, చొక్కాకు, తువ్వాలుకు, ప్రతి మేజోడుకూ. రెండు మేజోళ్ళకూ, ఒకదానికి కాదు. సూది వేలికి గుచ్చుకున్నప్పుడల్లా పిల్ల వెళ్ళిపోతోందన్న సంగతి గుర్తొస్తుంది. కుట్టిన చేతుల్లో కొన్ని అమ్మవి, కొన్ని ఆయావి. డబ్బున్న ఇళ్ళు మరి. అయినా పదకొండేళ్ళ పిల్ల మొదటి రాత్రి మంచం మీద కూర్చుని మేజోడు విప్పినప్పుడు లోపలి అంచున తన పేరు కనిపిస్తుంది. పరాయి ఇంట్లో తనదని చెప్పే అక్షరాలు ఆ పట్టీ మీదే ఉంటాయి.

ఆ రాత్రి పిల్లలందరూ ఏడుస్తారు. ఏడవలేదని తెల్లారాక అందరూ చెబుతారు.

తర్వాత గంట. గంటతో లేవడం, గంటతో తినడం, గంటతో ప్రెప్ అనే సాయంత్రపు చదువు, గంటతో దీపాలార్పడం. మేట్రన్ చల్లటి చేయి నుదుటి మీద పెట్టి జ్వరం నిజమా, గణితం పరీక్ష జ్వరమా అని తేల్చేస్తుంది. ఆదివారం ఇంటికి ఉత్తరం, అందులో నిజం ఒక పాలు, ధైర్యం మూడు పాళ్ళు. టక్ బాక్సు అనే తినుబండారాల పెట్టెలో కేకు ముక్క ఎవరికి దక్కాలి, ఎవరికి దక్కకూడదు అన్న దౌత్యం, హార్డీ దొర నడిపిన ఇండియా ఆఫీసు కన్నా చిక్కైనది. ఇక లాక్రోస్. వలసంచి కట్టిన కర్రతో గాల్లో బంతి పట్టే ఆట. బ్రిటన్ ఆడపిల్లల బడుల్లోకి అది 1890లో స్కాట్లండ్‌లోని సెయింట్ లెనర్డ్స్ ద్వారా వచ్చింది. అప్పుడు అక్కడ ప్రధానోపాధ్యాయిని ఫ్రాన్సెస్ డవ్. ఆ తర్వాత వికమ్ అబీ స్థాపించింది ఆమే. అక్కడి నుంచి మన ముగ్గురు పంతులమ్మలు వచ్చారు. అలా ఆ ఆట కూడా వాళ్ళ సామానుతో పాటు నీ పచ్చికలోకి చేరింది. పరుగెత్తే ఆడపిల్ల, చెమట పట్టే ఆడపిల్ల, మోకాలు దోక్కుపోయినా ఆట ఆపని ఆడపిల్ల. విక్టోరియా రాణి కాలం నాటి డాక్టర్లు ఆ దృశ్యం చూస్తే మందు చీటీ రాసేవారు.

రెండో యుద్ధం వచ్చింది. నిన్ను సైనికుల ఆసుపత్రిగా తీసుకున్నారు. 1940లో బడి మూటాముల్లె సర్దుకుని కార్న్‌వాల్ తీరాన న్యూకీ ఊళ్ళో ఒక హోటల్‌కు మారింది. యుద్ధం ముగిసేదాకా అక్కడే. కొండచరియ అంచున సముద్రం హోరు వింటూ చదువు సాగింది. ఈనిడ్ బ్లైటన్ కూతుళ్ళిద్దరూ నీ బడి పిల్లలే. ఆమె 1946 నుంచి 1951 దాకా రాసిన మాలరీ టవర్స్ ఆరు పుస్తకాల్లోని బడి కూడా కార్న్‌వాల్ కొండచరియ మీదే ఉంటుంది. అది నీ బడి నీడేనని చాలామంది నమ్మకం.

ఆ నీడ ఎంత దూరం పడిందో నీకు తెలుసా? హైదరాబాద్ అబిడ్స్ ఫుట్‌పాత్ మీద ఆదివారం పాత పుస్తకాల గుట్టల్లోంచి అట్ట ఊడిన మాలరీ టవర్స్‌ను లాక్కున్న కాన్వెంటు పిల్లలను అడుగు. రాళ్ళ మధ్య అలలు నింపే ఈతకొలను, కథానాయిక డారెల్ రివర్స్ ముక్కుమీది కోపం, అర్ధరాత్రి దొంగచాటు విందులు. ఆ విందులో సార్డీన్లు తినే పిల్లలను చూసి లొట్టలేసిన మన అమ్మాయిలకు అవి భీమిలి ఒడ్డున కుప్పలు పోసి అమ్మే కవళ్ళేనని ఎవరూ చెప్పలేదు. చెప్పి ఉంటే సగం మోజు పోయేది. చెప్పకపోవడమే నయం. హాస్టల్ వార్డెన్ లైట్లు ఆర్పేశాక దుప్పటి కింద టార్చి వేసుకుని ఆ పుస్తకం చదివిన పిల్ల, ఆ కాసేపూ నీ కప్పు కిందే ఉంది.

1963లో మరో ఎలిజబెత్ వచ్చింది. మొదటి ఎలిజబెత్‌కు పిల్లలు లేరు. పెద్ద పరివారంతో వచ్చి, కానుకలందుకుని, వెళ్ళింది. 390 ఏళ్ళ తర్వాత రెండో ఎలిజబెత్ తన పదమూడేళ్ళ కూతురు ఆన్‌ను బడిలో దింపడానికి వచ్చింది. అంతకు ముందు ఇంగ్లండు రాజుల కూతుళ్ళు గోడల మధ్య గవర్నెస్‌ల దగ్గరే చదివారు. రాణి కూతురు పదిమందితో డార్మిటరీలో పడుకోవడం, వరసలో నిలబడి పళ్ళెం పట్టుకోవడం అప్పటికి వింతే. ఆన్ 1968 దాకా ఉండి, ఆరు ఓ లెవెల్, రెండు ఏ లెవెల్ పరీక్షలు గట్టెక్కి బయటికి వెళ్ళింది. రాజకుమారి మార్కులు జనానికి తెలిసిపోయాయి! నాకు నీ చరిత్రలో బాగా నచ్చిన ఘట్టాల్లో ఇదొకటి.

1987 అక్టోబరు 15 రాత్రి వచ్చిన పెనుగాలి దక్షిణ ఇంగ్లండులో కోటిన్నర చెట్లను పడగొట్టిందని లెక్క. నీ కెంట్‌లోనే సెవెనోక్స్ అనే ఊరి పేరుకు గుర్తుగా నిలిచిన ఏడు ఓక్‌లలో ఆరు ఒక్క రాత్రిలో నేలకొరిగాయి. ఆ గాలికి నువ్వు నిలిచావు.

నీ గేటు అందరికీ తెరుచుకోదు, అది కూడా చెప్పుకోవాలి. ఏడాది ఫీజు ఒక బ్రిటిష్ నర్సు ఏడాది జీతాన్ని మించుతుంది. 2025 జనవరి నుంచి దాని మీద 20 శాతం వ్యాట్ కూడా. స్కాలర్‌షిప్పులు కొందరికి దారి ఇస్తాయి, కొందరికే. నీ ఫొటో చూసి మురిసిపోయే పిల్లల్లో చాలామంది నీ పొయ్యి దగ్గర ఎన్నడూ కూర్చోరు. నీ గొప్పతనంలో డబ్బు పాలు ఎంత, మనుషుల పాలు ఎంత అని ఎవరైనా తూకం వేస్తే నేను అడ్డుపడను.

ఇంత తెలిసీ నిన్నెందుకు కీర్తిస్తున్నానంటే, మా ఆడపిల్లల బతుకు రెండిళ్ళ మధ్య నడుస్తుంది. పుట్టిల్లు, మెట్టినిల్లు. పుట్టింట్లో ఉన్నన్నాళ్ళూ అక్కడికి వెళ్ళాల్సిన పిల్ల అంటారు, మెట్టినింట్లో ఉన్నన్నాళ్ళూ అక్కణ్ణుంచి వచ్చిన పిల్ల అంటారు. జేన్ గిల్ఫర్డ్‌కూ, ఆమె కోడలు జేన్ గ్రేకూ అంతే, ఇంగ్లండు అయితేనేం. నువ్వు మూడో ఇల్లువి. ఇక్కడ పిల్ల ఎవరి కూతురో మేజోడు అంచున ఉంటుంది, ఎవరి కోడలవుతుందో ఎవరూ అడగరు. పదకొండు నుంచి పద్దెనిమిది దాకా ఆమె అచ్చంగా ఆమె. కోపం వస్తే కోపం, లెక్క వస్తే లెక్క, గొంతు బాగుంటే పాట. తలుపు దగ్గర కూర్చుని లెక్క చూసే అత్తగారు లేదు. ఆ వయసులో ఆ ఏడేళ్ళు దొరకడం ఎంత అరుదో, దొరకని వాళ్ళను చూసిన ఊళ్ళ నుంచి వచ్చినవాళ్ళకు తెలుసు.

నీ హాస్టళ్ళలో కొన్నిటికి పాత పేర్లే పెట్టారు. గిల్ఫర్డ్, నారిస్, నీ పేరే పెట్టుకున్న హెమ్‌స్టెడ్. హౌస్ మ్యాచ్ నాడు బంకమట్టి పచ్చిక మీద గిల్ఫర్డ్‌కూ నారిస్‌కూ లాక్రోస్ పోటీ పడితే, నాలుగు వందల ఏళ్ళ భూస్వాముల పేర్లను అరిచి అరిచి గొంతులు పోతాయి. అడ్మిరల్ నారిస్ ఏ యుద్ధం గెలిచాడో, ఏ సముద్రం మీద తిరిగాడో ఆ అరిచేవాళ్ళలో చాలామందికి తెలిసి ఉండకపోవచ్చు. తెలుసుకోవాలన్న తొందర కూడా లేదు. బంతి ఇప్పుడు ఎడమవైపు రెక్కలో ఉంది, నారిస్ పిల్ల జడ ఊడి మొహం మీద పడుతున్నా ఆగడం లేదు, గోల్‌కీపర్ కర్ర పైకెత్తింది.